ఏ రోజు దాకా ఒకే లోకం?

స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కిర్క్ నౌక తిరిగే ఆకాశమూ, డాక్టర్ హూలో నీలిరంగు పోలీసు పెట్టె మాయమై మళ్లీ తేలే ఆకాశమూ ఒకటేనా? ఎక్స్ ఫైల్స్‌లో మల్డర్ జీవితమంతా వెతికిన గ్రహాంతరవాసులకూ, స్టార్‌గేట్ సైనికులు వలయాకారపు ద్వారం దాటి కలుసుకున్న వాళ్లకూ ఏమైనా సంబంధం ఉందా? సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు ఇష్టంగా చూసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవక మానదు. రాజోలు దగ్గర మా ఊరి గ్రంథాలయంలో వేసవి సెలవులకు చేరే ఇంటర్, డిగ్రీ పిల్లలకు కొంతకాలంగా ఇదే పెద్ద చర్చ. పాత క్యాలెండర్ కాగితాలను వెనక్కి తిప్పి గోడ పొడవునా అంటించారు. ఒక్కో సిరీస్‌కు ఒక్కో రంగు. కథలో ఎక్కడ సంవత్సరం వినబడినా ఆ రంగుతో గీత మీద చుక్క పెడతారు. రెండు కథలు కలిసిన చోట దారం కడతారు, పొసగని చోట ఎర్రసిరాతో సున్నా చుడతారు.

ఆ గోడ ముందు కూర్చుని వాళ్లతో వాదించాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. 'ఇవన్నీ ఒకే విశ్వమా, కాదా' అని అడిగితే ఎన్నేళ్లు వాదించినా జవాబు తేలదు. 'ఏ రోజు దాకా ఒకటి' అని అడిగితే తేలుతుంది. అది ఎలా తేలుతుందో చెప్పాలంటే ముందు ఈ ఆటలో అందరికీ తెలిసిన సిద్ధాంతం నుంచి మొదలుపెట్టాలి.

మంచుగోళంలో ఆసుపత్రి

1988 మే 25న అమెరికాలో సెయింట్ ఎల్స్‌వేర్ అనే సిరీస్ చివరి భాగం ప్రసారమైంది. అది సైన్స్ ఫిక్షన్ కాదు. బోస్టన్‌లో సెయింట్ ఎలీజియస్ అనే పాత ఆసుపత్రి, అందులోని డాక్టర్లు, రోగులు, వాళ్ల కష్టసుఖాలు. చివరి దృశ్యంలో ఆసుపత్రి మీద మంచు కురుస్తుంటుంది. అంతలో మనం ఒక మామూలు ఇంట్లో ఉంటాం. ఇన్నాళ్లూ పెద్ద డాక్టరుగా చూసిన వెస్ట్‌ఫాల్ భవన నిర్మాణ కార్మికుడిగా పని ముగించుకుని ఇంటికి వస్తాడు. ఆటిజం ఉన్న అతని కొడుకు టామీ ఒక గాజుగోళాన్ని చేత్తో పట్టుకుని అదే పనిగా చూస్తుంటాడు. కుదిపితే లోపల మంచు పడే బొమ్మ అది. తండ్రి దాన్ని తీసి టీవీ మీద పెడతాడు. గోళం లోపల ఉన్నది ఆ ఆసుపత్రి. అంటే ఆరేళ్ల పాటు ప్రేక్షకులు చూసిందంతా ఆ పిల్లవాడి ఊహే కావచ్చు.

ఇక్కడి నుంచి అభిమానులు ఒక గొలుసు అల్లారు. ఆ ఆసుపత్రిలోని డాక్టరు రాక్సాన్ టర్నర్ 1998లో హోమిసైడ్ అనే పోలీసు సిరీస్‌లో కనిపించింది. హోమిసైడ్‌లోని డిటెక్టివ్ జాన్ మంచ్ 1997లోనే ఎక్స్ ఫైల్స్‌లో ఒక భాగంలో కనిపించాడు. మరి ఆసుపత్రి టామీ ఊహ అయితే హోమిసైడ్ కూడా అతని ఊహే, మల్డరూ అతని ఊహే. ఇలా లంకె తరువాత లంకె వేసుకుంటూ పోతే అమెరికన్ టెలివిజన్‌లో ఎంతో భాగం ఆ గాజుగోళంలోకే చేరిపోతుంది. కామిక్స్, టీవీ రచయిత డ్వేన్ మెక్‌డఫీ 2002లో ఈ గొలుసు గురించి రాసిన వ్యాసం బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆయన ఉద్దేశం గొలుసును నిలబెట్టడం కాదు. కథల మధ్య ప్రతి లంకెనూ అక్షరాలా పట్టుకుని వేలాడితే ఎంత అసంబద్ధమైన చోటికి చేరతామో చూపించడం. చాలామంది ఆ వ్యాసంలోని గొలుసును మాత్రం తీసుకుని, హెచ్చరికను వదిలేశారు.

గొలుసులో లోపం ఎక్కడుంది? ఒక పిల్లవాడు అంతర్వేది తీర్థాన్ని కలగంటే అంతర్వేది కలైపోదు. ఊహలోకి నిజమైన మనుషులూ వస్తారు, నిజమైన ఊళ్లూ వస్తాయి. డాక్టరు టర్నర్ హోమిసైడ్‌లోకి వచ్చిందంటే ఆమె పోలికగల మనిషి ఆ లోకంలో ఉందని మాత్రమే తేలుతుంది. టామీ ఆమెను ఎక్కడో చూసి తన ఆసుపత్రిలో పెట్టుకుని ఉండవచ్చు. తత్త్వశాస్త్ర ఆచార్యుడు బ్రయన్ వెదర్సన్ ఈ సిద్ధాంతం మీద ఆరు అభ్యంతరాలు లేవనెత్తాడు. మన పనికి ఈ ఒక్కటి చాలు. లంకె దొరకగానే రెండు కథల సమస్త చరిత్రా ఒకటైపోదు.

వస్తువు, మనిషి, కారణం

కథలను కలిపే లంకెలు అన్నీ ఒక్క తూకంవి కావు. అన్నిటికన్నా తేలికైనది వస్తువు. ఎక్స్ ఫైల్స్‌లో పొగతాగే ఆ రహస్య అధికారి చేతిలోని మోర్లీ సిగరెట్ పెట్టె ఇంకా ఎన్నో సిరీస్‌లలో కనిపిస్తుంది. నిజమైన కంపెనీ పేరు వాడకుండా ఉండటానికి పెట్టుకున్న ఉత్తుత్తి పేరు అది. 2003లో వచ్చిన బాటిల్‌స్టార్ గెలాక్టికా తొలి కథలో, లారా రోస్లిన్ తనకు క్యాన్సర్ ఉందని వినే సన్నివేశంలో, కిటికీ బయట ఆకాశంలో ఫైర్‌ఫ్లై అనే మరో సిరీస్‌లోని సెరెనిటీ నౌక ఎగురుతూ కనబడుతుంది. రెండు సిరీస్‌ల గ్రాఫిక్స్ చేసింది ఒకే సంస్థ. కళాకారులు ప్రేమతో పెట్టిన గుర్తు అది, చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కానీ దాని వల్ల ఆ కథలో గానీ ఈ కథలో గానీ ఏదీ మారదు. మా గోడ మీద వస్తువు లంకెకు దారం కట్టనివ్వను, పెన్సిల్ గీత చాలు.

రెండోది మనిషి. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. రామాయణంలోని జాంబవంతుడు శ్యమంతకమణి కథలో కృష్ణుడితో పోరాడతాడు. చివరికి ఎదురుగా ఉన్నది తన రాముడేనని గుర్తుపట్టి మణినీ, కూతురు జాంబవతినీ అప్పగిస్తాడు. ఇక్కడ జాంబవంతుడు ఊరికే కనబడి పోలేదు. పాత యుగం జ్ఞాపకమే కొత్త యుగం పోరాటాన్ని ఆపింది. మహాభారతం చెప్పిన వ్యాసుణ్ని శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో పాత్రగా చేసి, కాశీలో భిక్ష దొరకక, శివుడి ఆగ్రహానికి గురై, మన ద్రాక్షారామానికి నడిచి వచ్చేట్టు చేశాడు. కథ చెప్పినవాడే మరో కథలో ఆకలితో నడుస్తాడు. ఆ నడక లేకపోతే ద్రాక్షారామం గొప్పతనం చెప్పే సందర్భమే రాదు. డిటెక్టివ్ మంచ్‌తో పోల్చి చూడండి. ఎక్స్ ఫైల్స్‌లో చూసినదేదీ అతను మళ్లీ హోమిసైడ్‌కు మోసుకుని పోలేదు. మనిషి దాటాడు, అనుభవం దాటలేదు.

మూడోది, అన్నిటికన్నా గట్టిది, కారణం. పంచారామాల కథ తెలియనివాళ్లు డెల్టాలో తక్కువ. తారకాసురుడి మెడలోని లింగం కుమారస్వామి చేతిలో అయిదు ముక్కలై అమరావతి, ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లులో పడిందని చెప్పుకుంటాం. ఏ గుడికి ఆ గుడి స్థలపురాణం వేరుగా ఉంది, అర్చనా సంప్రదాయాలు వేరుగా ఉన్నాయి. అయినా ఒక్క సంఘటన అయిదింటినీ బంధించింది. పాలకొల్లులో దేవుణ్ని చూసినవాడికి సామర్లకోట ఎందుకు వెళ్లాలో కారణం దొరికింది. అంతర్వేదిలోనూ అంతే. వశిష్ఠ మహర్షిని బాధించిన రక్తవిలోచనుడు హిరణ్యాక్షుడి కొడుకని స్థలపురాణం. నరసింహావతారం కథ ముగిసిందనుకున్న చోట ఆ వంశంలోంచే కొత్త కథ పుట్టింది. ఇది కలపడానికి కలిపిన కథ కాదు, వెనకటిది లేకపోతే నిలబడని కథ.

టీవీలో ఈ మూడో రకానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ, 1993లో వచ్చిన స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్‌లోని 'ది చేజ్' అనే భాగం. కెప్టెన్ పికార్డ్ నౌక వాళ్లు, క్లింగాన్లు, కార్డాసియన్లు, రోములన్లు వేర్వేరు గ్రహాల జీవుల డీఎన్‌ఏలో దాగిన ముక్కలను కలుపుకుంటూ ఒకరినొకరు తరుముకుంటారు. చివరికి తేలేది ఏమిటంటే, సుమారు 400 కోట్ల సంవత్సరాల కిందట ఒక ఒంటరి నాగరికత ఎన్నో గ్రహాల సముద్రాల్లో తన రూపపు విత్తనం చల్లింది. అందుకే అందరికీ రెండు కాళ్లు, రెండు చేతులు. తక్కువ బడ్జెట్ వల్ల గ్రహాంతరవాసుల పాత్రలన్నీ మనుషులకే మేకప్ వేసి నడిపిన టెలివిజన్ ఇబ్బందికి కథలోపలే కారణం దొరికింది. ఆ ఒక్క కారణాన్ని ఒప్పుకుంటే డాక్టర్ హూలో వేరే గ్రహంవాడైన డాక్టర్ మనిషిలా ఎందుకు ఉన్నాడన్న ప్రశ్నకూ జవాబు ఉంటుంది. పేర్లు కలపలేదు, నౌకలు కలపలేదు, అయినా ఎన్నో కథలకు ఒకే పునాది వేయవచ్చు.

కథలో కథగా ఉన్న కథ

చిక్కు ఇంకొకటి ఉంది. 2005 నాటి డాక్టర్ హూలో 'ది ఎంప్టీ చైల్డ్' భాగంలో రోజ్ అనే అమ్మాయి, డాక్టర్ కాస్త స్టార్ ట్రెక్‌లోని స్పాక్‌లా ప్రవర్తిస్తే బాగుండునని విసుక్కుంటుంది. అంటే రోజ్ ఉండే లండన్‌లో స్టార్ ట్రెక్ ఒక టీవీ కార్యక్రమం. టీవీలో చూసిన పాత్ర తన లోకపు భవిష్యత్తులో నిజంగా పుడుతుందా? అవతలి వైపూ ఇలాంటి గుర్తే ఉంది. 1988 నాటి నెక్స్ట్ జనరేషన్ భాగం ఒకదానిలో కంప్యూటర్ తెర మీద వచ్చే వంశవృక్షంలో డాక్టర్ పాత్ర వేసిన నటుల పేర్లు కనిపిస్తాయి.

దీనికి పరిష్కారం కామిక్స్‌లో 1961లోనే వచ్చింది. ఫ్లాష్ కామిక్ 123వ సంచికలో కథానాయకుడు బ్యారీ ఆలెన్ మరో భూమికి జారిపోతాడు. తాను చిన్నప్పుడు పుస్తకాల్లో చదివిన పాత ఫ్లాష్, జే గ్యారిక్, అక్కడ నిజమైన మనిషి. బ్యారీ చెప్పే సమాధానం ఏమిటంటే, తన భూమి మీది రచయిత గార్డనర్ ఫాక్స్ నిద్రలో ఆ రెండో భూమి సంగతులు గ్రహించి, కథలనుకుని రాశాడు. ఆ సంచిక రాసినది కూడా ఆ గార్డనర్ ఫాక్సే. దీని అందం ఏమిటంటే రచయితను అబద్ధాలకోరును చేయదు, పాత్రను నీడగా మార్చదు. ఈ దారిలోనే పోయి 2019 డిసెంబరు నుంచి 2020 జనవరి వరకు అయిదు భాగాలుగా వచ్చిన 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' అనే టీవీ కథ పాత సూపర్ హీరో సిరీస్‌లకు తలా ఒక భూమి నంబరు ఇచ్చింది. 1990లో ఫ్లాష్‌గా వేసిన జాన్ వెస్లీ షిప్ అదే పాత్రలో అందులో కనబడి, ప్రాణత్యాగం చేశాడు. పాత కథను కొట్టివేయకుండా దాని బరువును కొత్త కథకు ఇచ్చిన తీరు నాకు ఎంతో నచ్చింది.

అయితే నంబర్ల పద్ధతికి ఒక బలహీనత ఉంది. పొసగని ప్రతిదాన్నీ వేరే భూమికి పంపేస్తే ఆలోచించే పని ఉండదు. అందుకే మా గోడ దగ్గర దాన్ని చివరి మార్గంగానే పెట్టుకున్నాం.

2059 నుంచి 2164 దాకా

ఇప్పుడు అసలైన పరీక్ష. డాక్టర్ హూను, స్టార్ ట్రెక్‌ను ఒకే గీత మీద పెడితే ఏమవుతుంది?

2009లో వచ్చిన 'ది వాటర్స్ ఆఫ్ మార్స్' కథ జరిగేది 2059 నవంబరు 21న, అంగారకుడి మీది బోవీ స్థావరంలో. దాని నాయకురాలు అడిలైడ్ బ్రూక్. అప్పటికి నలభై ఏళ్లుగా వాతావరణం చెడి, చమురు కరవై భూమి దాదాపు అంతరించిపోయే స్థితికి వెళ్లి వచ్చిందని ఆమె మాటల్లోనే వింటాం. స్టార్ ట్రెక్ వైపు చూస్తే, 1996 నాటి ఫస్ట్ కాంటాక్ట్ సినిమా ప్రకారం 2063 నాటికి మూడో ప్రపంచయుద్ధం ముగిసి పదేళ్లు. చనిపోయినవాళ్లు 60 కోట్లు. పెద్ద నగరాలు చాలావరకు నేలమట్టం. ఆ శిథిలాల మధ్య మోంటానాలో జెఫ్రమ్ కాక్రేన్ 2063 ఏప్రిల్ 5న కాంతివేగాన్ని దాటిన తొలి నౌక ఎగరేస్తాడు. దారిన పోతున్న వల్కన్లు అనే గ్రహాంతరజాతి వాళ్లు అది చూసి కిందికి దిగుతారు. రెండూ కుంగిపోయిన భూములే. రెండింటిలోనూ మనిషి ఆ కుంగుబాటులోంచి లేచి పైకి చూస్తున్నాడు. నాలుగేళ్ల తేడాతో ఇంత దగ్గరి పోలిక చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు.

తగాదా 2089 దగ్గర వచ్చింది. అడిలైడ్ మనవరాలు సూజీ, ముప్పై ఏళ్ల తరువాత ప్రాక్సిమా సెంటారీకి తొలి కాంతివేగపు నౌకను నడుపుతుందని డాక్టర్ చెబుతాడు. తొలి నౌక 2063లోనే ఎగిరితే 2089లో మళ్లీ తొలి నౌక ఏమిటి? ఎర్రసున్నా చుట్టబోతుంటే డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఆపింది.

"మాస్టారూ, కాక్రేన్ ప్రాక్సిమా దాకా వెళ్లలేదండీ. పరీక్ష కోసం ఎగరేసి ఆ రోజే మోంటానాకు తిరిగొచ్చాడు. ప్రాక్సిమా నాలుగు కాంతి సంవత్సరాల దూరం. అక్కడికి వెళ్లిన మొదటి నౌక సూజీదే అయితే ఇద్దరికీ గొడవ లేదు కదండీ."

నిజమే. సున్నా పడలేదు, దారం పడింది. కథల్లోని మాటను ఎంత చెబితే అంతే తీసుకోవాలని ఆ అమ్మాయి మా అందరికీ నేర్పింది.

కానీ ఆమె పక్కనే కూర్చున్న ఇంటర్ కుర్రాడు ఇంకా వెనక్కి వెళ్లాడు. అడిలైడ్ అసలు అంతరిక్షానికి ఎందుకు బయల్దేరింది? పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆమె ఇంటి కిటికీ బయట ఒక డాలెక్, అంటే డాక్టర్ బద్ధశత్రువుల జాతి జీవి, కనబడింది. అది ఆమెను చూసింది, చంపకుండా వెళ్లిపోయింది. అది 2008లో ప్రసారమైన 'ది స్టోలెన్ ఎర్త్' కథలో డాలెక్‌లు భూగోళాన్నే లాక్కుపోయిన రోజు. ప్రపంచంలో ప్రతి ఒక్కరూ ఆకాశంలో వేరే గ్రహాలను చూసిన రోజు. అలాంటి రోజు గడిచిన భూమి 2063లో వల్కన్లను చూసి తొలిసారి గ్రహాంతరవాసిని చూసినట్టు నిర్ఘాంతపోదు. పోనీ, ఆ రోజును చెరిపేద్దామా? 2010 నాటి కథల్లో కాలంలో పడిన పగుళ్లు కొన్ని సంఘటనలను మింగేశాయి, డాక్టర్ వెంట తిరిగే ఏమీ పాండ్ అనే అమ్మాయికి డాలెక్‌ల దండయాత్ర గుర్తే లేదు. కానీ ఆ రోజును చెరిపితే కిటికీ బయటి డాలెక్ కూడా చెరిగిపోతుంది. డాలెక్ లేకపోతే అడిలైడ్ అంగారకుడికి బయల్దేరిన కారణం పోతుంది, మనవరాలి ప్రాక్సిమా ప్రయాణమూ పోతుంది. తేదీని దిద్దవచ్చు, కారణాన్ని దిద్దితే కథ కూలుతుంది.

అందువల్ల ఇంకా వెనక్కి నడిచాం. డాక్టర్ హూ భూమి మీద గ్రహాంతరవాసుల సంగతి ఎప్పుడు బహిరంగమైంది? 2005 సిరీస్‌లో ఒక నౌక లండన్ బిగ్ బెన్‌ను గుద్దుకుని థేమ్స్‌లో పడుతుంది. అయితే తరువాత పత్రికలు దాన్ని బూటకమని కొట్టిపారేశాయి, కాబట్టి ప్రమాదం లేదు. దాచలేనిది ఆ డిసెంబరు 25న ప్రసారమైన 'ది క్రిస్మస్ ఇన్వేజన్'. సైకొరాక్స్ అనే జాతి రక్తం ఆధారంగా మనుషులను వశం చేసుకుంటే, 'ఎ-పాజిటివ్' రక్తం గ్రూపు ఉన్నవాళ్లంతా, అంటే ప్రపంచ జనాభాలో మూడో వంతు మంది, మేడల మీదికెక్కి అంచున నిలబడతారు. మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ ఎవరో ఒకరు మేడ అంచున నిలబడిన రోజును ఏ ప్రభుత్వమూ దాచలేదు. కథలో అది 2006 క్రిస్మస్.

గీత అక్కడ చీలుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలినట్టే. యానాంలో పారేదీ, అంతర్వేదిలో పారేదీ పాపికొండల మధ్య నుంచి వచ్చిన ఒకే నీరు. చీలిన తరువాత ఒక పాయలో జరిగినది రెండో పాయను అంటదు. కానీ చీలికకు ఎగువన ఉన్న చరిత్ర మొత్తం రెండింటిదీ. సమాంతర లోకం అనగానే మొదటి నుంచీ వేరుగా పోయే పట్టాలను ఊహిస్తాం. అక్కడే చాలామంది పొరబడతారు. స్టార్ ట్రెక్ కూడా ఈ దారే తొక్కింది. 2009 సినిమాలో కిర్క్ పుట్టిన 2233లో కెల్విన్ నౌక నాశనమైన క్షణం నుంచి కొత్త పాయ మొదలవుతుంది, అంతకు ముందున్నదంతా పాత సిరీస్‌లతో ఉమ్మడి.

చీలిక దొరికాక 2164 బాధ కూడా తీరింది. 1964 నాటి డాక్టర్ హూ కథలో, శిథిలమైన లండన్‌లో ఒక గిడ్డంగిలో దొరికిన క్యాలెండర్ మీద ఉన్న సంవత్సరం అది. డాలెక్‌లు భూమిని ఆక్రమించుకుని ఉన్నాయి. స్టార్ ట్రెక్‌లో 2161లోనే గ్రహాల సమాఖ్య ఏర్పడింది. మూడేళ్ల తేడాలో ఈ రెండూ ఒకే భూమి మీద ఉండలేవు. ఉండనవసరం లేదు కూడా, అప్పటికి పాయలు వేరై నూట యాభై ఏళ్లు దాటింది. సూజీ ప్రాక్సిమా ప్రయాణం డాక్టర్ పాయలోనే పోతుంది. ఆ అమ్మాయి కట్టిన దారం విప్పవలసి వచ్చింది. ఆమె వాదన తప్పై కాదు, కారణం అంతకన్నా వెనక ఉండటం వల్ల.

ఎగువన ఒకే ఒక్క పేచీ మిగిలింది. 1967 నాటి స్టార్ ట్రెక్ భాగం 'స్పేస్ సీడ్' ప్రకారం ఖాన్ అనే నియంత యుద్ధాలు 1992 నుంచి 1996 వరకు జరగాలి. డాక్టర్ హూలో అలాంటి యుద్ధాల జాడ లేదు, మన జీవితాల్లోనూ లేదు. ఈ ముడిని స్టార్ ట్రెక్ రచయితలే 2023లో విప్పారు. స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్‌లో ఒక రోములన్ గూఢచారిణి, ఇదంతా 1992లోనే జరగవలసిందని, కాలంలో జోక్యాల వల్ల ఆలస్యమైందని, తాను ముప్పై ఏళ్లుగా ఇక్కడ చిక్కుకుపోయానని చెబుతుంది. ఖాన్ అప్పటికి ఇంకా చిన్నపిల్లాడు. అంటే యుద్ధాలు కూడా చీలిక తరువాతికే వచ్చాయి.

రహస్యం కలుపుతుంది

చీలికకు ఎగువన ఎవరెవరు సర్దుకుంటారు? ఇక్కడ ఒక సూత్రం పనికొస్తుంది. రహస్యంగా నడిచే కథలు సులువుగా కలుస్తాయి. 1993లో మొదలైన ఎక్స్ ఫైల్స్‌లో గ్రహాంతరవాసుల సంగతి కొద్దిమంది అధికారులకే తెలుసు. 1997లో మొదలైన స్టార్‌గేట్ ఎస్‌జీ-1లో ద్వారం ఉన్నది షయెన్ కొండ కింద సైనిక స్థావరంలో, బయటివాళ్లకు తెలియదు. ఒకరి గుట్టు ఒకరికి తెలియకపోవడం అలాంటి వ్యవస్థల్లో మామూలే. మల్డర్ వెతికినన్నాళ్లూ కొలరాడోలో సైనికులు రోజూ వేరే గ్రహాలకు వెళ్లి వస్తున్నారని ఊహిస్తే, ఆ మనిషి పడిన వేదనకు ఇంకా పదునొస్తుంది. లంకె కథకు ఏదైనా చేకూర్చాలంటే ఇలా చేకూర్చాలి.

బాటిల్‌స్టార్ గెలాక్టికాకు చోటు ఇంకా సులభం. 2009లో ముగిసిన ఆ కథలో ఓడిపోయి, అలసిపోయిన మనుషులు 1,50,000 ఏళ్ల కిందటి మన భూమికి చేరి, నౌకలను సూర్యుడిలోకి పంపేసి, ఇక్కడి ఆదిమానవులతో కలిసిపోతారు. గుర్తులేమీ మిగల్చలేదు కాబట్టి ఎవరితోనూ తగాదా లేదు. 2517లో జరిగే ఫైర్‌ఫ్లై అంత దూరాన, భూమిని వదిలేసి వేరే నక్షత్రం దగ్గర ఉంది. దాన్ని మూడో పాయ కింద పెట్టి ముందుకు పోవచ్చు. మన దూరదర్శన్‌లో 1998లో వచ్చిన కాప్టెన్ వ్యోమ్‌ను కూడా పిల్లలు వదల్లేదు, నేనూ వదలనివ్వను. మిలింద్ సోమన్ వేసిన ఆ పాత్ర 2123లో, చెర నుంచి తప్పించుకున్న నేరస్థుల వెంట సౌరకుటుంబమంతా తిరుగుతుంది. ట్రెక్ పాయలో 2063కూ 2161కీ మధ్య కథలు పలచగా ఉన్న కాలం అది. అక్కడ అతనికి కావలసినంత చోటు ఉంది.

రానివాడికి లెక్క చెప్పాలి

కలపడం వల్ల వచ్చే నష్టం ఒకటుంది, దాని గురించి అభిమానులు తక్కువ మాట్లాడతారు. రెండు కథలు ఒకే లోకంలో ఉంటే, ఒక కథలో ఆపద వచ్చినప్పుడు రెండో కథలోని వీరుడు ఎందుకు రాలేదన్న ప్రశ్న పుడుతుంది. టార్చ్‌వుడ్ అనే సిరీస్ పుట్టిందే డాక్టర్ హూలోంచి. 2009 జులైలో వరుసగా అయిదు రాత్రులు వచ్చిన 'చిల్డ్రన్ ఆఫ్ ఎర్త్'లో ఒక జాతి భూమి మీది పిల్లల్లో పది శాతం మందిని తమకు అప్పగించమంటుంది. ప్రభుత్వాలు గదిలో కూర్చుని, ఎవరి పిల్లలను ఇవ్వాలో లెక్కలు వేస్తాయి. ఆ గదిలోని సంభాషణలు నేను చూసిన టెలివిజన్‌లోకెల్లా భయంకరమైనవి. మరి భూమిని ఇన్నిసార్లు కాపాడిన డాక్టర్ ఏడీ? టార్చ్‌వుడ్ బృందంలోని గ్వెన్ కెమెరా ముందు కూర్చుని దానికి జవాబు చెబుతుంది. కొన్నిసార్లు ఆయన ఈ భూమిని చూసి, సిగ్గుతో ముఖం తిప్పుకుంటాడేమోనని ఆమె అనుకుంటుంది. రచయితలు తప్పించుకోలేదు. ఉమ్మడి లోకం తెచ్చిన ఇబ్బందిని తీసుకుని కథలోకెల్లా బరువైన మాటగా మార్చారు.

ఇదే గీటురాయి మీద స్టార్‌గేట్ చీలిక తరువాత ఓడిపోతుంది. 2005 నాటికే ఆ లోకంలో భూమికి డెడాలస్ లాంటి నౌకలున్నాయి, అవి మరో గెలాక్సీకి వెళ్లి రాగలవు. అలాంటి నౌకలున్న భూమి మీద 60 కోట్ల మంది చచ్చిపోతుంటే అవి ఎక్కడికి పోయాయి? కాక్రేన్ శిథిలాల్లో ఏరుకున్న సామానుతో నౌక ఎందుకు కట్టుకోవాలి? జవాబు లేదు. కాబట్టి స్టార్‌గేట్ ట్రెక్ పాయలోకి రాదు, సైకొరాక్స్ క్రిస్మస్ ఉన్న డాక్టర్ పాయలోకీ రాదు. దానికి 2006 నుంచి తన పాయ తనకుంది.

బాబిలన్ 5 అనే సిరీస్‌ను కలపాలని పిల్లలు ఇప్పటికీ పట్టుబడుతున్నారు. నేను ఒప్పుకోలేదు. దాని ముఖ్యకథ 2258 నుంచి 2262 వరకు. అంతకు ముందు 2245లో మిన్‌బారీ అనే గ్రహాంతరజాతితో మొదలైన యుద్ధంలో మానవజాతి తుడిచిపెట్టుకుపోయే దాకా వచ్చింది. స్టార్ ట్రెక్‌లో ఆ 2245లోనే ఎంటర్‌ప్రైజ్ నౌక తొలిసారి బయల్దేరింది. పాయ వేరంటే తేదీల గొడవ తీరుతుంది నిజమే. కానీ మైకేల్ స్ట్రాజిన్‌స్కీ ఆ కథను మొదలుపెట్టకముందే అయిదేళ్ల నవలగా ఊహించుకున్నాడు. మొదటి ఏడాదిలో పడిన ప్రశ్నకు మూడో ఏడాదిలో జవాబు వస్తుంది, వెయ్యేళ్ల కిందటి యుద్ధంలో మిన్‌బారీలను నడిపించినది ఎవరో అదే మనుషుల మధ్య తేలుతుంది. అందులో ప్రతి కారణమూ లోపలే పుట్టి లోపలే తీరింది. మా దారాలు కట్టవలసింది కారణాలకే అయినప్పుడు, బయటికి వదులుగా వేలాడే కొస ఒక్కటీ లేని ఆ కథకు దేన్ని కట్టాలో వాళ్లు ముందు నాకు చూపించాలి.